ఒక్కో యాప్‌కి విడిగా తాళం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌కి లాక్ ఉంది కదా, మళ్ళీ యాప్‌లకి విడిగా ఎందుకు?

ఫోన్ లాక్ పనిచేసేది ఫోన్ మూసి ఉన్నంతసేపే. లాక్ తీసి మన చేత్తో మనమే ఇంకొకరికి ఇచ్చే సందర్భాలు రోజూ వస్తాయి. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆటో డ్రైవర్‌కి మ్యాప్ చూపిస్తాం. మేనల్లుడు గేమ్ ఆడుకుంటానంటే ఇస్తాం. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి "అక్కా, ఒక్క కాల్ చేసుకుంటా" అంటే ఇస్తాం. పెళ్ళి ఫోటోలు చూడమని ఫోన్ ఇస్తే అది నలుగురి చేతులూ తిరిగి వస్తుంది. ఆ అయిదు నిమిషాల కోసమే యాప్ లాక్.

దాని పరిధి కూడా అంతే. దూరాన కూర్చుని ఫోన్‌లోకి చొరబడే సైబర్ నేరగాడిని అది ఆపలేదు. మీ ఫోన్ పిన్ తెలిసినవాళ్ళని చాలా ఫోన్లలో ఆపలేదు. తెరిచి ఉన్న ఫోన్ పట్టుకున్న మనిషిని మాత్రం ఆపుతుంది, అదీ పక్కదారులు మూసినప్పుడే. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ పక్కదారుల గురించే.

ఏ యాప్‌లకి వేయాలి? అన్నిటికీ వేస్తే మంచిది కదా?

అన్నిటికీ వేస్తే విసుగొచ్చి వారం తిరక్కుండానే మొత్తం తీసేస్తారు. అయిదారు చాలు. మొదట మెసేజెస్, అంటే ఎస్సెమ్మెస్‌లు వచ్చే యాప్. చాలామంది దీన్నే వదిలేస్తారు. బ్యాంకు ఓటీపీలు, జీతం పడ్డ మెసేజ్‌లు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత జీమెయిల్, ఎందుకంటే ఏ యాప్ పాస్‌వర్డ్ మార్చాలన్నా లింకు వచ్చేది అక్కడికే. ఆపైన గ్యాలరీ, వాట్సాప్, డబ్బుల యాప్‌లు, నోట్స్. ఏటీఎం పిన్‌లు నోట్స్‌లో రాసుకునే అలవాటుంటే తాళం వేయడం కాదు, ముందు ఆ నోట్ తీసేయండి.

సెట్టింగ్స్‌కి కూడా లాక్ పెట్టే వీలుంటే పెట్టండి. నోటిఫికేషన్లు మార్చేదీ, కొత్త వేలిముద్ర చేర్చేదీ అక్కడి నుంచే.

నా ఫోన్‌లో ఆ సౌకర్యం ఎక్కడుంటుంది?

ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి చోటు మారుతుంది. వెతకడం కంటే సెట్టింగ్స్ పైన ఉండే సెర్చ్ పెట్టెలో యాప్ లాక్ అని ఇంగ్లీషులో టైప్ చేయడం తేలిక.

షావోమీ, రెడ్‌మీ, పోకోలలో సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో యాప్ లాక్. మొదటిసారి ఒక ప్యాటర్న్ గానీ పాస్‌వర్డ్ గానీ పెట్టమంటుంది. అది ఫోన్ లాక్‌కి వేరు, వేరుగానే పెట్టండి. షావోమీ అకౌంట్ జోడించమని అడిగినప్పుడు దాటేయకండి, ప్యాటర్న్ మర్చిపోతే అదే ఆధారం.

ఒప్పో, రియల్‌మీలలో సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ, ప్రైవసీ విభాగంలో యాప్ లాక్ ఉంటుంది. వీటిలో యాప్‌ని పూర్తిగా దాచేసే హైడ్ యాప్స్ కూడా ఉంది. అది ఆన్ చేస్తే ముందూ వెనకా హ్యాష్ గుర్తుతో ఒక నంబరు పెట్టుకోమంటుంది. దాచిన యాప్ మళ్ళీ కావాలంటే ఫోన్ డయలర్‌లో ఆ నంబరు నొక్కాలి. పెద్దవాళ్ళ ఫోన్లలో ఈ హైడ్ జోలికి పోవద్దు. నంబరు మర్చిపోయి, యాప్ పోయిందనుకుని కంగారు పడతారు.

వివోలో వేలిముద్ర, పాస్‌వర్డ్‌ల విభాగంలో ప్రైవసీ అండ్ యాప్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది. పేరు చూసి గందరగోళపడకండి, పని మాత్రం ఇదే.

ఆండ్రాయిడ్ 15 ఉన్న పిక్సెల్ వంటి ఫోన్లలో ప్రైవేట్ స్పేస్ ఉంటుంది. ఇది ఉన్న యాప్‌కి వేసే తాళం కాదు, ఫోన్‌లోనే ఇంకో గది. అందులో యాప్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, కొత్తగా లాగిన్ అవ్వాలి. గది మూసి ఉన్నంతసేపూ లోపలి యాప్‌లు ఆగిపోతాయి, నోటిఫికేషన్లు రావు. అందుకని వెంటనే చూడాల్సిన మెసేజ్‌లు వచ్చే యాప్‌ని అందులో పెట్టకండి. స్పేస్ డిలీట్ చేస్తే లోపలున్నదంతా పోతుంది, తిరిగి రాదు.

మాది శాంసంగ్. యాప్ లాక్ అని వెతికితే దొరకట్లేదు.

శాంసంగ్ దారి వేరు. అక్కడ సెక్యూర్ ఫోల్డర్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ కింద. తక్కువ ధర మోడళ్ళలో కొన్నింటికి ఇది రాదు, కొనేముందే షాపులో తెరిచి చూడండి. శాంసంగ్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, విడి పిన్ పెట్టుకున్నాక ఫోల్డర్ తెరుచుకుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. యాప్‌ని ఫోల్డర్‌లోకి చేర్చితే లోపల ఇంకో కాపీ తయారవుతుంది, బయటిది బయటే ఉంటుంది. బయటి దాంట్లో లాగౌట్ అయ్యి దాన్ని తీసేస్తేనే పని పూర్తయినట్టు. ఫోటోలకైతే గ్యాలరీలో ఫోటో ఎంచుకుని మూవ్ టు సెక్యూర్ ఫోల్డర్ అనాలి. ఎప్పుడు తనంతట తాను మూసుకోవాలో ఫోల్డర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. తెర ఆరగానే మూసుకునేలా పెట్టండి.

ఐఫోన్‌లో?

2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఇది ఫోన్‌లోనే ఉంది. యాప్ గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంటే రిక్వైర్ ఫేస్ ఐడీ అని వస్తుంది. వేలిముద్ర ఉన్న మోడళ్ళలో అదే టచ్ ఐడీ. దాన్ని నొక్కితే తాళం పడినట్టే. తాళం వేసిన యాప్‌లోని సంగతులు సెర్చ్‌లోనూ నోటిఫికేషన్ ప్రివ్యూలోనూ కనబడవు. పక్కదారుల్లో రెండు అక్కడికక్కడే మూసుకుంటాయన్నమాట.

యాప్ స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లని దాచేయవచ్చు కూడా. అవి యాప్ లైబ్రరీ అట్టడుగున హిడెన్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి, నోటిఫికేషన్లు ఆగిపోతాయి. అయితే బ్యాటరీ వాడకం పట్టికలోనూ స్క్రీన్ టైమ్‌లోనూ వాటి పేర్లు కనబడవచ్చు. సెట్టింగ్స్, కెమెరా లాంటి కొన్ని యాపిల్ యాప్‌లకి తాళం పడదు. ఫోన్ పాస్‌కోడ్ తెలిసినవాళ్ళు ఈ తాళం కూడా తీయగలరు. కాబట్టి ఇంట్లో అందరికీ తెలిసిన పాస్‌కోడ్ అయితే ముందు దాన్ని మార్చాలి.

ప్లే స్టోర్‌లో యాప్ లాక్ యాప్‌లు బోలెడున్నాయి. అవి వాడొచ్చా?

ఫోన్‌లోనే సౌకర్యం ఉంటే వద్దు. అవి పనిచేసే తీరే బలహీనం. ఏ యాప్ తెర మీదికి వచ్చిందో ఇవి కనిపెడుతూ ఉంటాయి. వాట్సాప్ తెరిచారనుకోండి, దాని మీద తమ పిన్ తెరని కప్పుతాయి. అసలు యాప్ కింద తెరుచుకునే ఉంటుంది. అందుకే కొన్నిసార్లు పిన్ అడిగేలోపు అరక్షణం చాట్ లిస్టు తళుక్కుమంటుంది. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ ఆ యాప్‌ని ఆపేస్తే తాళమే ఉండదు. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసినా, మనం దించుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో ఫోన్‌ని తెరిచినా అంతే.

ఇంకా పెద్ద సమస్య అనుమతులు. తెరను కనిపెట్టడానికి చాలా వాటికి యాక్సెసిబిలిటీ అనుమతి కావాలి. అది ఇచ్చారంటే తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు నొక్కగలదు. ప్రైవసీ కోసం పెట్టుకున్న యాప్‌కే మొత్తం ఫోన్ అప్పగించినట్టు అవుతుంది. 2020లో కేంద్రం నిషేధించిన యాప్‌లలో ఇలాంటి యాప్ లాక్‌లు కూడా ఉన్నాయి. పాత ఫోన్ అయి వేరే దారి లేకపోతే గ్యాలరీకి గూగుల్ ఫైల్స్‌లోని సేఫ్ ఫోల్డర్, వాట్సాప్‌కి దాని సొంత లాక్ వాడుకుంటే సగం పని అయిపోతుంది.

వాట్సాప్‌కి ఏ లాక్ పెట్టాలి?

వాట్సాప్ లోపల రెండున్నాయి. సెట్టింగ్స్, ప్రైవసీ, చివర్లో యాప్ లాక్: ఇది మొత్తం వాట్సాప్‌కి. ఆండ్రాయిడ్‌లో వెంటనే, 1 నిమిషం తర్వాత, 30 నిమిషాల తర్వాత అని మూడు ఎంపికలుంటాయి. 30 నిమిషాలు పెడితే పెట్టనట్టే. వెంటనే అన్నదే ఎంచుకోండి. అక్కడే కింద నోటిఫికేషన్లలో సమాచారం చూపించు అనే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఈ లాక్ ఉన్నా వచ్చిన వాట్సాప్ కాల్ ఎవరైనా ఎత్తగలరు.

రెండోది చాట్ లాక్, 2023లో వచ్చింది. ఒక చాట్ మీద నొక్కి పట్టి లాక్ చాట్ అంటే అది విడి ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఆ ఫోల్డర్ కూడా పైన కనబడకూడదంటే సీక్రెట్ కోడ్ పెట్టుకోవచ్చు. అప్పుడు సెర్చ్‌లో ఆ కోడ్ టైప్ చేస్తేనే వస్తుంది. కోడ్ మర్చిపోతే ఆ చాట్‌లని తుడిచేసి మొదలుపెట్టడం తప్ప దారి లేదు. డాక్టర్‌తో, లాయర్‌తో మాట్లాడిన చాట్‌లైతే ఈ సంగతి గుర్తుంచుకుని పెట్టండి.

రెండూ పెట్టాక లింక్డ్ డివైసెస్ తెరిచి చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లోనో జిరాక్సు షాపులోనో ప్రింటు తీయడానికి లాగిన్ అయి వదిలేసిన వాట్సాప్ వెబ్ ఇంకా తెరిచే ఉండొచ్చు. ఫోన్‌లో వేసిన యాప్ లాక్ దానికి వర్తించదు. గుంటూరు అరండల్‌పేటలో, బ్రాడీపేటలో నెట్ సెంటర్ల దగ్గర రోజూ కనబడే దృశ్యమే ఇది: హాల్ టికెట్ ప్రింటు చేతికి రాగానే పిల్లలు బయటికి పరిగెడతారు, తెర మీద చాట్‌లన్నీ అలాగే ఉంటాయి. తెలియని పేరు ఏది కనబడినా దాని మీద నొక్కి లాగౌట్ చేయండి.

లాక్ వేసినా మెసేజ్‌లు పైన కనబడుతున్నాయి. తప్పెక్కడ?

లాక్ ఆపేది యాప్ తెరవడాన్ని. నోటిఫికేషన్ యాప్ బయట వచ్చే సంగతి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు, అందులో లాక్ స్క్రీన్ విభాగంలో సున్నితమైన సమాచారం దాచు అన్నది ఎంచుకోండి. ఇది మూసి ఉన్న ఫోన్‌కి. తెరిచి ఉన్న ఫోన్‌లో పైనుంచి జారే నోటిఫికేషన్ కోసం ఆ యాప్ నోటిఫికేషన్ సెట్టింగ్‌లో పాప్‌అప్ ఆపాలి. షావోమీలో యాప్ లాక్ సెట్టింగ్స్‌లోనే తాళం వేసిన యాప్‌ల నోటిఫికేషన్లలో విషయం దాచే వీలుంది.

ఆ తర్వాత ఒకసారి పరీక్షించండి, ఇది దాటేయొద్దు. ఇంకో ఫోన్ నుంచి మీకు మీరే ఒక మెసేజ్ పంపండి. తెర మూసి ఉన్నప్పుడు ఏం కనబడుతోంది? యూట్యూబ్ చూస్తుండగా వస్తే? రీసెంట్ యాప్‌లు తెరిస్తే ఆ చాట్ బొమ్మ మసగ్గా ఉందా, చదవగలిగేలా ఉందా? హోమ్ తెర మీద మెయిల్ విడ్జెట్ ఏమైనా ఉందా? ఇవన్నీ చూడటానికి పది నిమిషాలు పట్టదు. దొరికే లోపాల్లో ఎక్కువ ఇక్కడే దొరుకుతాయి.

గ్యాలరీకి లాక్ వేశాను, అయినా ఫోటోలు కనబడుతున్నాయి.

ఫోటో గ్యాలరీలో ఉండదు, ఫోన్ స్టోరేజీలో ఉంటుంది. గ్యాలరీ దాన్ని చూపించే ఒక యాప్ మాత్రమే. గూగుల్ ఫోటోస్, ఫైల్ మేనేజర్, వాట్సాప్‌లో అటాచ్ నొక్కితే వచ్చే జాబితా కూడా అదే ఫోటోని చూపిస్తాయి. కాబట్టి తాళం యాప్‌కి కాదు, ఫోటోకి పడాలి. గూగుల్ ఫోటోస్‌లో లాక్డ్ ఫోల్డర్, శాంసంగ్‌లో సెక్యూర్ ఫోల్డర్, ఐఫోన్‌లో హిడెన్ ఆల్బమ్ అందుకే ఉన్నాయి.

లాక్డ్ ఫోల్డర్‌తో ఒక జాగ్రత్త. దానికి బ్యాకప్ విడిగా ఆన్ చేయకపోతే అందులోని ఫోటోలు ఆ ఫోన్‌లో మాత్రమే ఉంటాయి. యాప్ తీసేసినా, దాని డేటా తుడిచినా, ఫోన్ రీసెట్ చేసినా పోతాయి. ఫోన్ మార్చేముందు బయటికి తీసుకోండి. ఆధార్, పాన్ ఫోటోలని గ్యాలరీలో ఉంచుకునే బదులు డిజీలాకర్‌లో ఉంచుకోండి.

మా ఇంట్లోవాళ్ళ వేలిముద్రతో కూడా నా యాప్‌లు తెరుచుకుంటున్నాయి.

ఫోన్‌లో నమోదైన వేళ్ళన్నీ చాలా ఫోన్లలో యాప్ లాక్‌కీ పనిచేస్తాయి. ఎప్పుడో సరదాకి పిల్లాడి వేలు చేర్చి మర్చిపోయి ఉంటారు. వేలిముద్రల జాబితా తెరిచి, సెన్సర్ మీద మీ వేళ్ళు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. చాలా ఫోన్లలో ఆ వేలి పేరు వెలుగుతుంది. వెలగనిది మీది కాదు, తీసేయండి. ఇంట్లోవాళ్ళకి ఫోన్ తెరిచే వీలు ఉండాల్సిందే అంటే వేలిముద్ర ఉంచి, యాప్ లాక్‌లో మాత్రం వేలిముద్ర ఆపేసి విడి పిన్ పెట్టండి. విడి పిన్ ఇచ్చే ఫోన్లలోనే ఇది కుదురుతుంది.

తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో ముఖం చూసి తెరుచుకునే లాక్ ఉట్టి సెల్ఫీ కెమెరాతో పనిచేస్తుంది. పోలికలున్న అన్నదమ్ములకీ, ఒక్కోసారి ఫోటోకీ తెరుచుకోవచ్చు. యాప్‌లకి అది వాడకండి.

వేలిముద్ర అసలు తీసుకోవట్లేదు. ఏం చేయాలి?

విజయవాడ ఎండల్లో చెమట పట్టిన వేలు, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు ఎత్తి అరిగిన వేలు, రెండూ సెన్సర్‌కి కష్టమే. గిన్నెలు తోమి వచ్చిన తడి చెయ్యీ అంతే. చెయ్యి తుడుచుకుని, పొడిగా ఉన్నప్పుడు అదే వేలిని రెండుసార్లు, వేర్వేరు పేర్లతో నమోదు చేయండి. ఒకసారి వేలి కొన, ఒకసారి పక్కభాగం తగిలేలా. బొటనవేలు అరిగిపోయి ఉంటే ఉంగరం వేలు వాడి చూడండి, దానికి పని తక్కువ కాబట్టి గీతలు నిలిచి ఉంటాయి. తెర మీద సెన్సర్ ఉన్న ఫోన్‌కి మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేయిస్తే కూడా ఇదే బాధ. గ్లాస్ మార్చాక వేలిముద్రలు తీసేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాలి.

యార్డులో పనిచేసేవాళ్ళకి పిన్ మేలు. ప్యాటర్న్ వద్దు. మురికి చేత్తో గీసిన గీత తెర మీద అలాగే మరకగా ఉండిపోతుంది, వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే ఎవరికైనా కనబడుతుంది.

ఫోన్‌పే, గూగుల్ పేకి లాక్ వేస్తే డబ్బు భద్రమేనా?

డబ్బు పంపాలన్నా బ్యాలెన్స్ చూడాలన్నా మామూలుగా యూపీఐ పిన్ కావాలి, యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకి మాత్రం అక్కర్లేదు. యాప్ లాక్ కాపాడేది మీరు ఎవరికి ఎంత పంపారనే చరిత్రని. అది కూడా ప్రైవసీయే కాబట్టి వేయండి.

అసలు చిక్కు పిన్ రీసెట్‌లో ఉంది. డెబిట్ కార్డుతో యూపీఐ పిన్ రీసెట్ చేయడానికి కార్డు చివరి 6 అంకెలు, గడువు నెల, సంవత్సరం, ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ కావాలి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి. ఇప్పుడు మీ ఫోన్ పౌచ్ తెరిచి చూడండి. కవర్ లోపలి అరలో ఏటీఎం కార్డు ఉందా? ఉంటే ఫోన్, కార్డు, ఓటీపీ మూడూ ఒకే చేతికి దొరికినట్టు. కార్డుని పర్సులోకి మార్చండి, మెసేజెస్‌కి తాళం వేయండి, లాక్ స్క్రీన్ మీద ఓటీపీ కనబడకుండా చేయండి. ఒక్క సంగతి: ఎస్సెమ్మెస్ చదివే అనుమతి ఉన్న యాప్ మెసేజెస్‌కి తాళం ఉన్నా ఓటీపీ చదువుకోగలదు. ఆ అనుమతి ఎవరెవరికి ఉందో పర్మిషన్ మేనేజర్‌లో చూసి, లోన్ యాప్‌ల వంటివి ఉంటే వెంటనే తీసేయండి.

కొట్లో కౌంటర్ మీద ఫోన్ ఉంటుంది, కుర్రాడు కూడా చూస్తాడు. పిల్లలకీ ఇస్తుంటాం. ఒక్క యాపే కనబడేలా చేయొచ్చా?

చేయొచ్చు. ఇలాంటి చోట యాప్ లాక్ కంటే ఇదే మంచి పద్ధతి. ఆండ్రాయిడ్‌లో దీన్ని యాప్ పిన్నింగ్ అంటారు. ఇక్కడ పిన్ అంటే అంకెల పిన్ కాదు, యాప్‌ని తెరకి గుచ్చిపెట్టడం. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీలో ఆన్ చేసి, పిన్ తీసేముందు లాక్ అడుగు అన్నది తప్పక ఎంచుకోండి. తర్వాత కావలసిన యాప్ తెరిచి, రీసెంట్ యాప్‌లలోకి వెళ్ళి, దాని గుర్తు మీద నొక్కి పిన్ అనండి. ఇక ఆ యాప్ దాటి బయటికి రావాలంటే ఫోన్ లాక్ కావాలి.

ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద. ఆన్ చేశాక యాప్ తెరిచి పక్క బటన్ మూడుసార్లు నొక్కాలి. తెరలో కొంత భాగం వేలుకి పనిచేయకుండా గీసిపెట్టే వీలు కూడా ఉంది.

రిపేర్‌కి ఇచ్చేటప్పుడు?

బీసెంట్ రోడ్డులో డిస్‌ప్లే మార్పించడానికి ఇచ్చినా, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఇచ్చినా యాప్ లాక్‌ని నమ్ముకోకండి. పిన్ రాసిచ్చారంటే సగం తలుపులు తెరిచినట్టే. శాంసంగ్‌లో డివైస్ కేర్ కింద మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంటాయి. ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయి, మీ ఫోటోలూ యాప్‌లూ లేని ఖాళీ ఫోన్‌లా తెరుచుకుంటుంది. బాగుచేశాక మీ లాక్‌తో మామూలు స్థితికి తెచ్చుకోవచ్చు. ఇవి లేని ఫోన్ అయితే బ్యాకప్ తీసి రీసెట్ చేసి ఇవ్వండి. డిస్‌ప్లే, బ్యాటరీ మార్చడానికి పిన్ అక్కర్లేదు. టచ్ చూడాలంటే మీ ఎదురుగా, మీరే తెరిచి చూపించండి.

యాప్ లాక్ పాస్‌వర్డ్ మర్చిపోతే?

షావోమీలో షావోమీ అకౌంట్, శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్‌కి శాంసంగ్ అకౌంట్ దిక్కు. అకౌంట్ జోడించకపోతే రీసెట్ తప్పకపోవచ్చు. ఒప్పో, రియల్‌మీలలో పెట్టుకున్న భద్రతా ప్రశ్న గానీ మెయిల్ గానీ అడుగుతుంది. ప్రశ్నకి జవాబుగా ఊరి పేరు పెట్టకండి, అది చుట్టాలందరికీ తెలుసు. పెద్దవాళ్ళ ఫోన్‌లో తాళాలు పెట్టేటప్పుడు పిన్‌లు ఒక కాగితం మీద రాసి, కవర్‌లో అంటించి, బీరువాలో నగల దగ్గర పెట్టండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పిల్లలు బీమా కాగితాల కోసం వెతుక్కునేది ఆ ఫోన్‌లోనే.

ఇంట్లోవాళ్ళ దగ్గర ఇంత దాపరికం అవసరమా?

అవసరమే. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. అయినా కోర్టు దాకా వెళ్ళక్కర్లేదు. స్నేహితురాలు నమ్మి చెప్పుకున్న కష్టం మీ ఫోన్‌లో ఉంటుంది, అది ఆమెది కూడా. మీ తాళం ఆమెనీ కాపాడుతుంది. ఒకరి ప్రైవేటు అవయవాల ఫోటోని వాళ్ళ ఒప్పుకోలు లేకుండా తీసినా పంచినా ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఎవరైనా బలవంతంగా ఫోన్ తెరిపిస్తుంటే మాత్రం అది యాప్ లాక్‌తో తీరే సమస్య కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఫోన్ పోయింది. యాప్‌లకి లాక్ ఉంది కదా, నిశ్చింతగా ఉండొచ్చా?

ఉండకూడదు. దొంగ మొదట సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేస్తాడు, ఓటీపీలు అక్కడికి వస్తాయి. మీ ఏ యాప్ లాకూ సిమ్‌తో పాటు వెళ్ళదు. అందుకని ముందే సిమ్ పిన్ పెట్టుకోవాలి. సెట్టింగ్స్ సెర్చ్‌లో సిమ్ లాక్ అని వెతకండి. మొదటిసారి సిమ్ కంపెనీ ఇచ్చిన పాత పిన్ అడుగుతుంది, అది కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకోండి, ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పయితే సిమ్‌ని మళ్ళీ తెరిచే పీయూకే కోడ్ కావాలి, ఆ కోడ్ పదిసార్లు తప్పయితే సిమ్ పనికిరాకుండా పోతుంది.

పోయిన వెంటనే మాత్రం ఈ వరసలో కదలండి: ఇంకో ఫోన్ నుంచి సిమ్ బ్లాక్ చేయించడం, బ్యాంకుకి చెప్పి యూపీఐ, కార్డు ఆపించడం, గూగుల్ ఫైండ్ హబ్‌లో గానీ యాపిల్ ఫైండ్ మైలో గానీ ఫోన్‌ని దూరం నుంచే లాక్ చేయడం. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో, అంటే ఫోన్ గుర్తింపు నంబరుతో, ఫోన్‌ని బ్లాక్ చేయవచ్చు. ఆ నంబరు ఫోన్ చేతిలో ఉండగానే *#06# నొక్కి చూసి, ఫోన్ బాక్సు మీద ఉన్నదానితో సరిచూసి, ఇంట్లో ఎక్కడైనా రాసిపెట్టుకోండి. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు నంబర్లుంటాయి, రెండూ రాయాలి.